బాసింగాల బెండుతో విమానం

నా బేరాలన్నిటిలోకీ గొప్పది ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను. బొంబాయి నుంచి తెప్పించాల్సిన విమానాల చెక్కకు బదులు నిజామాబాద్ బజారులో బాసింగాలు కట్టే బెండు కొన్నాను. అదీ ఆషాఢంలో, పెళ్ళిళ్ళు లేని నెలలో, అమ్మేవాళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చునే రోజుల్లో. బస్తా నిండా బెండు, పైన కొసరుగా ఇంకో చంకెడు. సర్కారిచ్చిన గ్రాంటులో సగానికి పైగా మిగిల్చాను. హెడ్మాస్టరు స్టాఫ్ మీటింగులో నన్ను నిలబెట్టి మెచ్చుకున్నాడు. అంత తెలివైన పని మళ్ళీ నా చేత కాలేదు. ఇప్పుడు చేద్దామన్నా ఒంట్లో ఓపిక లేదు.

నేను పుట్టింది నిజామాబాద్ గంజ్‌లో, కిరాణా దుకాణం వెనక గదిలో. మా ఇంట్లో పిల్లలకు మాటల కంటే ముందు ధర అడగడం వచ్చేది. మా నాయన దుకాణంలో రాసిపెట్టని చట్టాలు రెండుండేవి. కొనేటప్పుడు కొసరు లేకుండా లేవొద్దు. అమ్మింది ఎవరన్నా వాపసు తెస్తే, సంచి విప్పి చూడకముందే, మొహంలో ఏ మార్పూ లేకుండా ఒక్క మాట అడగాలి: "తడిల పెట్టిండ్రా?" పురుగు పట్టిన పప్పయినా, నీరు కారే బెల్లమయినా అదే మాట. అడిగిన మరుక్షణం తప్పు అటువైపుకు పోతుంది. తెచ్చినవాడు తన ఇంటి కప్పు ఎక్కడ కారుతుందో గుర్తు తెచ్చుకుంటూ నిలబడతాడు. నాకు ఆరేళ్ళు వచ్చేసరికి ఆ మాట మా నాయన గొంతుతోనే అనగలిగేవాణ్ణి. గిరాకీలు నవ్వేవాళ్ళు.

ముగ్గురు కొడుకులకు ఆ దుకాణం చాలదు. ఇద్దరన్నలు గల్లా దగ్గర సర్దుకున్నారు. చదువు వచ్చిన పాపానికి నేను బోధన్ హైస్కూల్లో సైన్సు మాస్టర్ని అయ్యాను.

అరవైల నడుమ మా బడికి కొత్త పాఠం ఒకటి వచ్చింది. మాది మల్టీపర్పస్ స్కూలు. వ్యవసాయం, కామర్సు అప్పటికే ఉన్నాయి. వాటి పక్కన విమానాల పనికి పిల్లల్ని తయారు చేసే చదువు పెట్టారు. కాగితం మీద దాని పేరు గజం పొడుగుండేది కాబట్టి అందరూ విమానాల క్లాసనే పిలిచేవాళ్ళు. గాలి ఎట్లా మోస్తుంది, మబ్బుల రకాలు, ఇంజను భాగాలు, కొలతలతో బొమ్మ గీయడం, చివరికి చిన్న గ్లైడరు చేసి ఎగరేయడం. హెడ్మాస్టరు నన్ను పిలిచి లిస్టు చేతిలో పెట్టాడు.

"లిస్టు లంబా ఉన్నది, గ్రాంటు ఛోటా ఉన్నది. నువ్వు గంజ్ పిల్లగానివి. నువ్వయితేనే ఎల్లదీస్తవ్," అన్నాడు.

నాకు విమానం గురించి ఏమీ తెలియదన్న సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. నెల రోజులు హైదరాబాదులో శిక్షణ ఇచ్చారు. ఒక్కసారి నిజం విమానాన్ని చేత్తో ముట్టుకోనిచ్చారు. మిగతా మాస్టర్లు రెక్క ఎంత పొడుగని అడిగారు. నేను ఎంతకు పడిందని అడిగాను. వచ్చేటప్పుడు తలా ఒక బాల్సా చెక్క ముక్క నమూనాగా ఇచ్చారు. మూరెడు పొడుగు, బెత్తెడు వెడల్పు. అరచేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలిసేది కాదు. పిల్లల గ్లైడర్లు దానితోనే చేయాలని లిస్టులో మొదటి వరుసలోనే ఉంది. ధర చూసి ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

క్లాసులో పదకొండు మంది చేరారు. చక్కెర ఫ్యాక్టరీ ఉద్యోగుల పిల్లలు కొందరు, రుద్రూర్ వైపు చెరుకు రైతుల పిల్లలు కొందరు. ఒకడు మాత్రం సిరికొండ దిక్కు నుంచి వచ్చాడు. పసుపు పండించే ఇల్లు. బోధన్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. వాణ్ణి చేర్చడానికి వాళ్ళ నాన్న స్వయంగా వచ్చాడు. గోళ్ళ సందుల్లో పసుపు రంగు కడిగినా పోనిది. ఆయన కుర్చీలో కూర్చోలేదు.

"సారూ, ఈ సదువు సదివితే కొలువయితదా?"

"ఆఖర్ల పరీక్ష ఉంటది. అండ్ల మొదటోనికి హైదరాబాద్ క్యాంపు. ఆడికెళ్ళి విమానాల మెకానిక్కు ట్రేనింగుకు తీసుకుంటరు," అన్నాను.

"ఎంతమందిని?"

"బడికొకన్ని."

ఆయన కొడుకు వైపు చూశాడు. "ఒక్కపాలి సూస్తం సారూ. అయితే అయింది. కాకుంటే పసుపు చేను ఉండనే ఉన్నది. రెండోపాలి పంపే తాకతు నాకు లేదు."

పిల్లవాడు బీరువా అద్దం వెనక పెట్టిన బాల్సా ముక్కనే చూస్తున్నాడు.

బాసింగాల సంగతి నాకు మా పెద్దన్న పెళ్ళి గుర్తొచ్చి తట్టింది. చెరువుల్లో పెరిగే జీలుగ బెండు. తెల్లగా, మెత్తగా, గాలంత తేలిక. బాల్సాకు దానికీ తేడా ఏముందనుకున్నాను. ఒక ఆదివారం ఆ పసుపు ఇంటి పిల్లవాణ్ణి బస్తా మోయడానికి వెంటబెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాను. బజారు చివర బాసింగాలు కట్టే ముసలమ్మ ఉండేది. నేను ధర అడిగాను. ఆమె చెప్పింది. నేను నవ్వి, లేచినట్టు చేసి, మళ్ళీ కూర్చున్నాను. ఆట మామూలుగానే నడుస్తోంది.

"పెండ్లిండ్లు లేవు గదా సారూ, ఇంత బెండు ఏం జేస్కుంటవ్?" అని అడిగింది.

"విమానాలు చేస్తం అవ్వా."

ఆమె చేతిలోని కత్తి ఆగింది. "అయితే వద్దు బిడ్డా. బెండు నీళ్ళు తాగుతది. మంచు వడ్డా తాగుతది. పెండ్లంటే ఒక్క పూట ముచ్చట, నడుస్తది. ఎక్కువ దినాలు ఉండే పనికి ఇది ఆగది."

అమ్మేది తన సరుకును తానే తక్కువ చేసి మాట్లాడడం నా ముప్పై ఏళ్ళలో వినలేదు. గంజ్‌లో పెరిగిన బుర్రకు అది హెచ్చరికగా వినపడలేదు. బేరంలో ఆమె కాలు జారిందనుకున్నాను.

"లోపమున్నదని నువ్వే ఒప్పుకుంటివి. మరి తగ్గియ్," అన్నాను.

ముసలమ్మ కత్తి పక్కన పెట్టింది. "నీ ఇష్టం సారూ," అని సగానికి ఇచ్చేసింది. కొసరు అడిగితే అదీ ఇచ్చింది. దారిలో బస్తా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్లవాడు అడిగాడు.

"బెండు నీళ్ళు తాగుతదని అవ్వ అన్నది గద సార్?"

"అది రేటు ముచ్చట రా," అన్నాను. లిస్టులో ఉన్న జిగురు గొట్టాలకు బదులు గంజ్‌లో దిగి తుమ్మ బంక కూడా కొన్నాను.

నిజం చెప్పాలంటే కార్తీకం దాకా నేనే గెలిచాను. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, ఎండలు పొడిగా ఉన్నాయి, బెండు గ్లైడర్లు బ్రహ్మాండంగా ఎగిరాయి. తక్కిన పదిమందివి మందంగా, పీటల్లా ఉండేవి. ఆ పిల్లవాడు మాత్రం రెక్కను కత్తితో చెక్కి చెక్కి తమలపాకంత పలచన చేశాడు. చేతిలోంచి వదిలితే అది బడి గోడ దాటి, పక్క చెరుకు తోట మీద ఒక చుట్టు తిరిగి, తొందరేమీ లేనట్టు దిగేది. పరీక్షకు ఇరవై సెకన్లు గాలిలో ఉంటే చాలు. వాడిది నలభై దాటేది. తోటకు నీళ్ళు కట్టే మనిషి పార చంకన పెట్టుకుని చూసేవాడు. మొదటిసారి నాకు ఆ క్లాసు నిజంగానే విమానాల క్లాసు అనిపించింది.

మంచు మొదలయ్యాక ఒకనాడు వాడు బీరువా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సార్, పొద్దుగాల రెక్క మెత్తగైతుంది. రోజూ మా అత్త పొయ్యి మీద అటుకకు కట్టి ఆరబెడుతున్న. పరీక్షకు ఒక్క రెక్క ఆ చెక్కతోని చేస్కుంటా సార్. నాదానికి అది సరిపోతది. కొలిచిన."

అద్దంలోంచి ఎప్పుడు కొలిచాడో నాకు తెలియదు. సరిగ్గానే కొలిచాడు.

"అది నమూనా రా. పరీక్ష చేసే సారు వస్తే చూపెట్టొద్దా?" అన్నాను. దుకాణంలో బస్తాలో ఏమున్నా, ముందర పళ్ళెంలో మంచి సరుకు పెట్టాలి. ముందర పెట్టింది అమ్మకూడదు. ఇంత చిన్న సంగతి వాడికెందుకు అర్థం కాదో అనుకున్నాను.

పుష్యమాసంలో పరీక్ష పడింది. రాత పరీక్షలో వాడే మొదట వచ్చాడు. మర్నాడు పొద్దున్న ఎగరేసే పరీక్ష. హైదరాబాద్ నుంచి వచ్చే అధికారికి బడి శుభ్రంగా కనపడాలని ముందురోజు సాయంత్రం సైన్సు గది నేల నీళ్ళు పోసి కడిగించాను. పదకొండు గ్లైడర్లూ ఇళ్ళ నుంచి తెప్పించి అక్కడే బల్ల మీద వరుసగా పేర్పించాను. ముందర బాల్సా ముక్క పెట్టాను. పిల్లవాడు తనదాన్ని రెండు చేతులతో పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"సార్, నేల తడున్నది. నేను పొద్దుగాల తెస్తా సార్."

"అందరివీ ఉన్నయి, నీదొక్కటి లేకుంటే వరుస ఖరాబైతది. పెట్టు," అన్నాను. కిటికీలు నేనే మూసి తాళం వేశాను.

పొద్దున్న మంచు ఎంత దట్టంగా ఉందంటే ఫ్యాక్టరీ గొట్టం కనపడలేదు, చెరుకు రసం కాగే వాసన మాత్రం వస్తోంది. పిల్లలు ఒక్కొక్కరే విసిరారు. పీటల్లాంటివి పీటల్లాగే పడ్డాయి. పన్నెండు సెకన్లు, పది, పద్నాలుగు. వాడి వంతు వచ్చింది. వదిలాడు. అది లేచింది, ఎప్పటిలాగే. తాటి చెట్టంత ఎత్తుకు పోయాక కుడి రెక్క, మనిషి చెయ్యి దించినట్టు, మెల్లగా కిందికి వంగింది. బంక విడిపోయింది. మిగతాది తలకిందులుగా వచ్చి మా ముందే పడింది.

అధికారి చెడ్డవాడు కాదు. ఊడిన రెక్కను చేతిలోకి తీసుకున్నాడు. నా వైపు తిరిగాడు.

"రాతపరీక్షలో ఈ అబ్బాయే మొదటివాడు. పని చూస్తే చెయ్యి బాగుంది. మరి రెక్క ఎందుకిట్లయింది? సామానులో తప్పా, పిల్లవాడి తప్పా? సామానుదైతే చెప్పండి. హైదరాబాద్ పిలిపించి మంచి చెక్కతో మళ్ళీ చేయిస్తాను."

ఇంతకంటే సుళువుగా ఎవరూ ఏ తప్పునూ దిద్దుకోనివ్వరు. పక్కనే హెడ్మాస్టరు ఉన్నాడు, గ్రాంటు మిగిల్చినందుకు నన్ను మెచ్చుకున్న హెడ్మాస్టరు. నేను ఆలోచించానని, భయపడ్డానని, లోపల మథనపడ్డానని చెప్పుకుంటే కొంచెం గౌరవంగా ఉండేది. ఏమీ ఆలోచించలేదు. సరుకు వాపసు వచ్చింది, నోరు తెరుచుకుంది.

"తడిల పెట్టినట్టున్నడు సార్."

పిల్లవాడు నా వైపు చూశాడు. నేను తనను మంచి ధరకు అమ్మేసినట్టు చూశాడని రాయాలనిపిస్తుంది కానీ, అట్లా చూడలేదు. ఎవరో పరాయి మనిషి మాట్లాడితే అటు తిరిగినట్టు తిరిగి చూశాడు, అంతే. అధికారి కాగితం మీద వాడి పేరు ఎదుట 'నిర్లక్ష్యం' అని రాశాడు. విమానం దగ్గర పనిచేసేవాడికి ఏ లోపమున్నా దిద్దొచ్చు గానీ ఇది మాత్రం దిద్దలేమని నాతోనే అన్నాడు. ఆ ఏడు మా బడి నుంచి క్యాంపుకు ఎవరూ పోలేదు.

వాళ్ళ నాన్న కొడుకును తీసుకుపోవడానికి వచ్చాడు. నన్ను ఒక్కటే అడిగాడు.

"తడిల పెట్టిండటగదా సారూ. నిజమేనా?"

నిజమేనన్నాను. ఒకసారి అన్నాక రెండోసారి కష్టమనిపించదు.

రెండేళ్ళకు ఆ క్లాసు మూతపడింది. గ్రాంటు మిగిల్చిన బడికి అంత గ్రాంటు అక్కర లేదని మరుసటి ఏడు కోశారు, ఆ పై ఏడు మొత్తమే ఆపారు. అది కూడా నా తెలివి ఖాతాలోదే. నేను మామూలు సైన్సు చెప్పుకుంటూ ఉండిపోయాను. బాల్సా ముక్క బీరువాలో అట్లాగే ఉంది.

డెబ్బైల నడుమ, గానుగ సీజన్లో ఒక సాయంత్రం ఫ్యాక్టరీ గేటు ముందు టీ కొట్టు దగ్గర ఒకాయన లేచి నాకు బల్ల మీద చోటిచ్చాడు. ముందు గుర్తుపట్టలేదు. చేతులు చూసి గుర్తుపట్టాను, ఆ పసుపు ఇంటి పిల్లవాడే. ఫ్యాక్టరీలో సీజను కూలీగా పనిచేస్తున్నాడట. నాలుగు నెలలు ఇక్కడ, తక్కిన రోజులు ఊళ్ళో.

"ఈ దినాలల్ల పసుపు ఉడకబెట్టుడు గద, ఊర్లె పనుంటది గదా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"తమ్ముడు చూస్కుంటడు సార్."

"పెద్దోనివి నువ్వు గదా."

టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "ఆరబెట్టుడు నాకియ్యలే సార్ బాపు. తడిల పెట్టెటోని చేతికి పసుపు ఇస్తమా అన్నడు. తమ్మునికే నేర్పిండు. ఇంట్ల అందరికీ అదే మాట అయింది. నా పెండ్లాం గూడ బియ్యం డబ్బ నన్ను ముట్టనియ్యదు." కొంచెం నవ్వాడు. "నవ్వులాటకే అంటది."

పసుపు ఇళ్ళ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. కొమ్ములు ఉడికించాక వారాల తరబడి ఎండబెడతారు. ఒక్క రాత్రి మంచుకు వదిలేస్తే రంగు పోతుంది, ఏడాది కష్టం పోతుంది. ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి దొంగ అన్నా ఊరు కొన్నాళ్ళకు మరిచిపోయేదేమో, ఈ మాట మాత్రం మరవదు.

చెప్పేశాను. బెండు సంగతి, నేల కడిగించిన సంగతి, అధికారి అడిగిన మాట, అంతా. అతను మధ్యలో ఆపాడు.

"నాకెరుకే గద సార్. బస్తా మోసింది నేనే. అవ్వ చెప్తుంటే పక్కనే ఉన్న."

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

"మీరు సారు గద." గ్లాసు కింద పెట్టాడు. "ట్రేనింగు పోతే పోయింది సార్. బాపుకు ఒక్కపాలి చెప్పి ఉంటే అయిపోతుండె. పోయినేడు సచ్చిపోయిండు."

నేను ఆలస్యం చేసింది ఒక్క ఏడాది. అంతకుముందు చేసిన పదేళ్ళ ఆలస్యం లెక్కలోకి తీసుకోకపోతే.

"తమ్మునికన్న చెప్తా," అన్నాను.

"చెప్పుండ్రి సార్," అన్నాడు. వద్దంటాడేమోనని ఆశపడ్డాను. అనలేదు.

ఆ ఆదివారం రెండు బస్సులు మారి సిరికొండ దిక్కు పోయాను. తమ్ముడు కళ్ళంలో ఉన్నాడు. నేలంతా పసుపు కొమ్ములు పరిచి ఉన్నాయి, ఇద్దరు ఆడవాళ్ళు వాటిని తిరగేస్తున్నారు. నేను ఎండలో నిలబడి మొత్తం చెప్పాను. మీ అన్న తడిలో పెట్టలేదు, పెట్టింది నేను, అబద్ధం ఆడింది నేను అని. అతను వింటూనే పైకి చూసి మబ్బు పట్టిందేమో చూసుకున్నాడు.

"గది ఎప్పటి ముచ్చటనో సార్," అన్నాడు. ఆ తర్వాత, తిరగేస్తున్న ఆడవాళ్ళలో పెద్దామె, వాళ్ళమ్మ వైపు మొహం తిప్పి, "విన్నవా అవ్వా? అన్న తడిల పెట్టలేదట," అని గట్టిగా అన్నాడు. ఆమెకు చెవులు సరిగ్గా వినపడవనుకుంటాను. ఆమె చేతులు ఆపలేదు. "పెట్టడు. వాడెందుకు పెడతడు," అంది.

అంత దూరం వచ్చిన మనిషిని ఊరికే పంపడం ఇష్టం లేక అతను, "పసుపు గిట్ల గావాల్నా సార్?" అని అడిగాడు. రెండు వీశెలు ఇమ్మన్నాను. ధర చెప్పాడు. సరైన ధరే. నా నోరు, నన్ను అడగకుండానే, "జర తగ్గియ్," అంది.

తగ్గించాడు. పైన ఒక గుప్పెడు కొసరు కూడా వేశాడు.

బోధన్‌కు వచ్చేసరికి చీకటి పడింది. ఆ బాల్సా ముక్కను తీసుకుపోయి అతనికి ఇద్దామా అని చాలాసార్లు అనుకున్నాను. ఇచ్చి ఏమనాలో తెలియక ఇవ్వలేదు. ఇక లెక్క. నాకు మిగిలింది, స్టాఫ్ మీటింగులో ఒక మెచ్చుకోలు, చెక్కుచెదరని చెక్క ముక్క ఒకటి, రెండు వీశెల పసుపు, గుప్పెడు కొసరు. అతనికి పోయింది, హైదరాబాద్ క్యాంపు, ఆ వెనక రావాల్సిన కొలువు, తండ్రి నమ్మకం. మొదటి రెండూ ఎటు తిరిగీ వచ్చేవో రావో ఎవరూ చెప్పలేరు కనుక వాటిని సగానికే రాస్తున్నాను. మూడోది నిండుగా రాయాలి. దాన్ని తిరిగి ఇవ్వగలిగిన ఆ తండ్రి లేడు, తగ్గించమని అడగడానికి ఎదుట ఎవరూ లేరు.